నల్ల గొర్రెలు, నూటికి తొంభై ఒకటి

అబెరిస్ట్విత్‌లో సముద్రం రాత్రంతా గోడను కొడుతుంది.
కొండమీద మూడో అంతస్తులో
యంత్రం రాత్రంతా చదువుతుంది.
వార్తలు, వంటలు, చావు ప్రకటనలు,
అమ్మకానికి పెట్టిన ట్రాక్టర్ల వివరాలు,
ఎవరో ఎవరితోనో పడ్డ తగవులు,
దొరికిందల్లా.
వేల్స్ మాటలో దాన్ని క్రూట్ అని పిలుస్తారు,
కుర్రాడని.
తెల్లారేసరికి కుర్రాడు
నేర్చుకున్నదంతా వరసగా అప్పజెబుతాడు,
ఒక్కో వాక్యం పక్కన
నూటికి ఎంత నమ్మకమో వేసి.

దిద్దడానికి ఎలీనెడ్ ప్రోసర్ వస్తుంది.
ముప్పై ఒక్క ఏళ్లు గొర్రెల సంతలో లెక్కలు రాసిన చెయ్యి.
కళ్లజోడు తాడుకి, పెన్సిలు జుట్టులో.
తెరమీద దిద్దదు, కాగితం కావాలంటుంది.

ధరలు మండుతాయి గనక ధరలు ఒక రకం కట్టెలు.
కొట్టేసింది.
కాలం పరిగెత్తుతుంది గనక కాలానికి కాళ్లున్నాయి.
కొట్టేసి, కాస్త ఆగి,
"నాకంటే మంచివి" అని పక్కన రాసింది.
గడ్డి నీలం.
ఇక్కడ పెన్సిలు ఆగింది.
వాళ్ల భాషలో గ్లాస్ అంటే నీలం,
మేతగడ్డికీ పాతకాలం నుంచి అదే మాట,
పసుపునీ ఆకునీ ఒకే గూట్లో పెట్టుకున్న
మన పచ్చ లాగా.
తప్పు కుర్రాడిది కాదు, తాతలది అంది.
సగం టిక్కు పెట్టింది.

ఆ కిందదే:
గొర్రెలు నల్లగా ఉంటాయి. నూటికి తొంభై ఒకటి.

ఎలీనెడ్ నవ్విన నవ్వుకి
పక్క గదిలోంచి ఇథెల్ టీ కప్పుతో వచ్చాడు.
కిటికీ తీసి చూపించింది. ఎదురు కొండ నిండా
చలికి ముడుచుకున్న తెల్లటి చుక్కలు.
"వీడికి కిటికీ లేదు కదా" అన్నాడు.
"చదివిందే చూసింది. నల్లదైతేనే జనం కథ చెబుతారు.
మీ సంతలో తెల్లదాన్ని తెల్లదని రాసేవారా?"
ఆవిడ ఆలోచించింది.
ముప్పై ఒక్క ఏళ్ల పుస్తకాల్లో
చెవి నంబరు, బరువు, పళ్లు, ధర.
నల్లది వస్తేనే రంగు గడిలో ఒక మాట.
మిగతావాటికి ఆ గడి ఖాళీ.
అంత తెల్లదనమూ ఖాళీ గళ్లలోనే.

ఆ రోజు వేళకి ఇంటికి పోలేదు.
పియరు కింద పిట్టల గుంపు
సుడి తిరిగి సర్దుకునే వేళకి
కీబోర్డు ముందు కూర్చుని, రెండు వేళ్లతో
ఎవరికీ అక్కర్లేని వాక్యాలు కొట్టడం మొదలెట్టింది.
గొర్రె తెల్లగా ఉంటుంది.
మనిషికి మోచేతులు రెండు.
ఖాళీ కప్పు నిండు కప్పుకంటే తేలిక.
వాన పైనుంచి కిందికి పడుతుంది.
చచ్చినవాళ్లు ఫోనెత్తరు.
ఇది కొట్టి చాలాసేపు చూసింది. ఉంచింది.

తర్వాత ఈత గురించి.
కడుపులో పిల్ల అడ్డం తిరిగితే
చేతికందిన కాలు ముందుదా, వెనకదా?
రెండు కీళ్లూ ఒకే వైపు వంగితే ముందుది,
ఎదురెదురుగా వంగితే వెనకది.
ఇంతవరకు వాక్యాలొచ్చాయి.
ఎంత లాగాలి, ఎక్కడ ఆపాలి,
తల్లి ఊపిరి బిగబడితే వేళ్లేం చెయ్యాలి...
కుడిచెయ్యి గాల్లోకి లేచి
కనపడనిదేదో మెల్లగా తిప్పింది.
మాట రాలేదు.
ఇథెల్ మణికట్టు పట్టుకుని "ఇంత" అంది.
ఇంకాస్త నొక్కి "ఇంత కాదు" అంది.
అతను బుద్ధిగా తలూపాడు.
ఏం కొట్టాలో ఇద్దరికీ తెలీలేదు.

పొద్దున కుర్రాడి అప్పజెప్పు:
గొర్రెలు తెల్లగా ఉంటాయి, నూటికి అరవై రెండు.
"పాసు" అంది ఎలీనెడ్.
వాన పైనుంచి కిందికి పడుతుంది, నూటికి తొంభై తొమ్మిది.
సముద్రం వైపు అద్దం మీద
వాన అడ్డంగా వచ్చి కొడుతోంది.
కింద రోడ్డు మీద ఒకాయన
తిరగబడ్డ గొడుగుతో కుస్తీ పడుతున్నాడు.
తను రాసిన వాక్యమే. అయినా
జుట్టులోంచి పెన్సిలు తీసి కొట్టేసింది,
పక్కన రాసింది:
ఈ ఊళ్లో కాదు.